మూత పడని నౌకలు

వింత యుద్ధనౌకల గురించి రాసేవారు సాధారణంగా వాటిని ఒక వరుసలో నిలబెట్టి చూపిస్తారు. ఆ వరుసలో పళ్లెంలా గుండ్రంగా ఉన్న రష్యా నౌక ఉంటుంది, గాలి ఒత్తిడితో డైనమైటు గుండ్లను విసిరిన అమెరికా నౌక ఉంటుంది, పొగగొట్టాలున్న జలాంతర్గామి ఉంటుంది, విమానాన్ని కడుపులో మోసిన జలాంతర్గామి కూడా ఉంటుంది. చదివినవారు ఆశ్చర్యపోయి, కాస్త నవ్వుకొని, పేజీ తిప్పేస్తారు. నేను కూడా చాలాకాలం అలాగే చదివాను. తొలినాటి జలాంతర్గాముల ప్రమాద వివరాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చూడటం మొదలుపెట్టాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. దేశాలు వేరు, దశాబ్దాలు వేరు, యంత్రాలు వేరు. అయినా అనేక సందర్భాల్లో కారణం ఒకే చోటికి వచ్చి ఆగుతోంది. మూసి ఉండవలసినది ఏదో తెరిచి ఉంది. అది మూత కావచ్చు, కవాటం కావచ్చు, గాలిగొట్టం కావచ్చు, తలుపు కావచ్చు. ఈ వ్యాసంలో ఆ తెరిచి ఉన్న రంధ్రాల వెంటే వెళ్తాను.

గుండ్రటి నౌక సంగతి ఇక్కడే చెప్పి పక్కన పెడతాను. అడ్మిరల్ పొపోవ్ నల్లసముద్ర తీర రక్షణ కోసం రూపొందించిన నోవ్‌గొరోద్ వ్యాసం సుమారు 101 అడుగులు. అది మెల్లగా నడిచేది, చుక్కాని మాట సరిగా వినేది కాదు. కానీ 1877–78 నాటి రష్యా–తుర్కీ యుద్ధంలో పాల్గొంది, ఆ తరువాత కూడా చాలా సంవత్సరాలు నౌకాదళ పట్టికలో కొనసాగి, చివరికి పాత ఇనుము కింద పోయింది. చూడటానికి వింతగా ఉన్నంత మాత్రాన నౌక ప్రమాదకరమైనది కాదు. ప్రాణాలు తీసిన నౌకల్లో కొన్ని చూడటానికి ఎంతో అందంగా, పొడవుగా, నాజూకుగా ఉన్నాయి.

మామూలు ఓడ చేయవలసిన పని నీటిని బయట ఉంచడం. జలాంతర్గామి పని అంతకంటే క్లిష్టమైనది. అది నీటిని లోపలికి రానివ్వాలి, కానీ కోరినంత మాత్రమే, కోరిన తొట్టిలోకి మాత్రమే, కోరిన క్షణంలో మాత్రమే రానివ్వాలి. పైకి రావాలనుకున్నప్పుడు ఆ నీటిని తిరిగి బయటికి తోసేయాలి. లోపలి మనుషులకు గాలి కావాలి. యంత్రం మంటతో నడిచేదైతే దానికి మనుషులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి కావాలి, ఆ మంట తాలూకు పొగ బయటికి పోవాలి. మనుషులు ఎక్కాలి, దిగాలి. ఆయుధం బయటికి వెళ్లాలి. వీటిలో ప్రతి అవసరానికీ ఇనుప గుల్లలో ఒక రంధ్రం చేయక తప్పదు, ఆ రంధ్రానికి ఒక మూత బిగించక తప్పదు, మునిగే ముందు ఆ మూత పడిందో లేదో ఎవరో ఒకరు చూడక తప్పదు. ఈ మూడవ పని ఎంత కష్టమైనదో తెలుసుకోవడానికి మనుషులకు ఒక శతాబ్దం పట్టింది.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను వెంటాడేది హన్లీ అనే జలాంతర్గామి కథ. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించినప్పుడు, ఆ దిగ్బంధాన్ని నీటి అడుగు నుంచి తెంచాలని హోరేస్ లాసన్ హన్లీ, జేమ్స్ మెక్‌క్లింటాక్, బాక్స్టర్ వాట్సన్ అనే ముగ్గురు వరుసగా మూడు జలాంతర్గాములను తయారుచేయించారు. మొదటిదైన పయొనీర్‌ను, 1862లో న్యూ ఆర్లియన్స్ శత్రువు వశం కాబోతుండగా, తామే ముంచివేశారు. రెండవది మొబిల్ అఖాతంలో మునిగిపోయింది. మూడవది 1863లో మొబిల్ నగరంలో తయారై, రైలుబండి మీద చార్ల్‌స్టన్ రేవుకు చేరింది. దాని పొడవు సుమారు 40 అడుగులు, ఎత్తు నాలుగు అడుగుల పైచిలుకు. ఏడుగురు ఒకే వరుసలో కూర్చుని వంకీలున్న ఒక పొడవాటి ఇరుసును చేతులతో తిప్పితే వెనుకనున్న ప్రొపెల్లర్ తిరిగేది. ఎనిమిదవవాడైన అధికారి ముందుభాగంలో ఉండి చుక్కానినీ, మునగడానికి పనికివచ్చే రెక్కల మీటనూ చూసుకునేవాడు. ఈ కొలతలు చదివిన రోజున నేను నేల మీద సుద్దతో నాలుగు అడుగుల వెడల్పున గీతలు గీసి, తలకు పైన అంతే ఎత్తులో కప్పు ఉందని ఊహించుకొని, వీపు వంచి, చేతులు ముందుకు చాచి కూర్చున్నాను. పట్టుమని పది నిమిషాలు కూర్చోలేకపోయాను. వాళ్లు గంటల తరబడి కూర్చున్నారు. కూర్చోవడమే కాదు, ఇరుసు తిప్పారు. వెలుతురుకు ఒక కొవ్వొత్తి మాత్రమే ఉండేది, గాలి తగ్గుతోందని చెప్పేది కూడా ఆ కొవ్వొత్తి మంటే.

1863 ఆగస్టు 29న ఆ పడవ మొదటిసారి మునిగింది. మూతలు తెరిచి ఉన్నాయి. అధికారి అయిన లెఫ్టినెంట్ పేన్ కాలు పొరపాటున రెక్కల మీటను నొక్కింది. పడవ ముక్కు కిందికి వంగింది, తెరిచిన మూతల గుండా నీరు దూకింది, ఐదుగురు చనిపోయారు. పడవను పైకి తీసి, శుభ్రం చేసి, మళ్లీ సిద్ధం చేశారు. ఈసారి నడపడానికి హన్లీ స్వయంగా మొబిల్ నుంచి మనుషులను రప్పించాడు. అక్టోబరు 15న, ఆయనే అధికారిగా ఉండి, రేవులో ఒక నౌక కిందుగా మునిగి అవతల తేలే అభ్యాసం చేస్తుండగా, పడవ తిరిగి తేలలేదు. లోపలున్న ఎనిమిది మందీ మరణించారు.

కొన్ని వారాలకు పడవను పైకి తీసినప్పుడు కనిపించిన దృశ్యాన్ని, దాని నిర్మాణంలో పనిచేసిన విలియం అలెగ్జాండర్ తరువాత వివరంగా నమోదు చేశాడు. ముందు తొట్టిలోకి సముద్రపు నీటిని వదిలే కవాటం పూర్తిగా తెరిచి ఉంది. దానిని తిప్పే పట్టుకర్ర దాని మీద లేదు, పడవ అడుగున పడి ఉంది. హన్లీ ఎడమచేతిలో ఒక కొవ్వొత్తి ఉంది, అది వెలిగించినది కాదు. అలెగ్జాండర్ అర్థం చేసుకున్నదాని ప్రకారం, నీరు లోపలికి వస్తుండగా పడవ లోతుకు పోవడంతో చీకటి పడింది, హన్లీ కవాటం సంగతి మరిచి కొవ్వొత్తి వెలిగించడానికి ప్రయత్నించాడు. ఆ తొట్టి పైభాగం మూసి లేదు, కప్పు దాకా గోడ లేదు. అందువల్ల నిండిన తొట్టి పొంగి నీరు మనుషులున్న గదిలోకి వచ్చింది. ఈ పడవ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారిలో ఒకడు, తన పేరే పెట్టిన పడవలో, ఒక చిన్న కవాటాన్ని మూయక చనిపోయాడు. దీనిని నిర్లక్ష్యం అనడానికి నా మనసు ఒప్పుకోదు. ఒకే మనిషి ఒకేసారి చీకటినీ, చుక్కానినీ, కవాటాన్నీ చూసుకోవలసిన ఏర్పాటులో ఏదో ఒకటి చేజారడం ఆ ఏర్పాటులోనే ఉంది.

ఆ తరువాత కూడా మనుషులు ముందుకు వచ్చారు. చార్ల్‌స్టన్ రక్షణ చూస్తున్న దక్షిణాది సేనాని జనరల్ బోరెగార్డ్ ఆ పడవను మునిగి వాడటానికి ఇష్టపడలేదు. అందువల్ల ముందుభాగాన ఒక పొడవాటి గడ తగిలించి, దాని చివర 135 పౌండ్ల మందుగుండు బిగించి, 1864 ఫిబ్రవరి 17 రాత్రి లెఫ్టినెంట్ జార్జ్ డిక్సన్, మరో ఏడుగురు బయలుదేరారు. రేవును దిగ్బంధిస్తున్న హౌసటానిక్ అనే ఉత్తరాది నౌకను పేల్చివేశారు. నీరు లోతు తక్కువ కావడంతో ఆ నౌక సిబ్బంది తెరచాపల తాళ్లు ఎక్కి బతికారు, చనిపోయింది ఐదుగురు. యుద్ధంలో శత్రునౌకను ముంచిన మొదటి జలాంతర్గామిగా హన్లీ చరిత్రకెక్కింది, కానీ తాను తిరిగి రాలేదు. మూడు మునకల్లో మొత్తం 21 మంది తనవారినే పోగొట్టుకుంది.

1995లో దాని జాడ దొరికింది, 2000 ఆగస్టు 8న పైకి తీశారు. లోపలి మట్టిని జాగ్రత్తగా తొలగించినప్పుడు ఆ ఎనిమిది మందీ ఎవరి స్థానంలో వారు ఉన్నారు. మూత దగ్గర గుమిగూడలేదు, ఒకరి మీద ఒకరు పడలేదు. నీరు తోడిపోసే పంపులు ఆ పనికి తగినట్టు అమర్చి లేవు, అడుగున ఉన్న బరువులను విడిచిపెట్టలేదు. పేలుడు తాకిడి నీటి గుండా వచ్చి వారిని ఒక్కసారిగా చంపి ఉంటుందని కొందరంటారు, గాలి అయిపోయి తెలియకుండానే సొమ్మసిల్లి ఉంటారని మరికొందరంటారు. కాబట్టి తెరిచి ఉన్న రంధ్రమే కారణమన్న నా మాట ఈ మూడవ మునకకు వర్తిస్తుందని నేను అనను. డిక్సన్ దగ్గర వంగిన ఒక బంగారు నాణెం దొరికింది. షైలో యుద్ధంలో తూటా ఆ నాణేనికి తగిలి ఆయన ప్రాణం దక్కింది. ఆ తేదీనీ, తన పేరు పొడి అక్షరాలనూ దాని మీద చెక్కించుకొని వెంట ఉంచుకున్నాడు. ఆ ఎనిమిది మందిని 2004 ఏప్రిల్ 17న చార్ల్‌స్టన్‌లోని మాగ్నోలియా శ్మశానవాటికలో, అంతకుముందు అదే పడవలో పోయినవారి పక్కన పాతిపెట్టారు.

హన్లీకి పన్నెండేళ్ల ముందు, ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సంఘటన ఒకటి నేటి జర్మనీలోని కీల్ రేవులో జరిగింది. డెన్మార్క్ నౌకాదళం ఆ రేవును దిగ్బంధించినప్పుడు, బవేరియా ఫిరంగి దళంలో చిన్న ఉద్యోగి అయిన విల్‌హెల్మ్ బాయర్, బ్రాండ్‌టాఖర్ అనే జలాంతర్గామిని నిర్మించాడు. డబ్బు చాలక రేకుల మందం తగ్గించారు. నీటి తొట్లు కూడా తీసేసి, నీరు నేరుగా పడవ అడుగునే నిలిచేలా చేశారు. 1851 ఫిబ్రవరి 1న మునిగినప్పుడు, అడ్డు గోడలు లేని ఆ నీరంతా తోక వైపు పరుగెత్తింది. పడవ వెనక్కి ఒరిగి, గోడలు నీటి ఒత్తిడికి లోపలికి వంగుతుండగా, అడుగున కూలబడింది. లోపల బాయర్, మరో ఇద్దరు ఉన్నారు. మూత తెరుద్దామంటే బయటి నీటి బరువు దానిని కదలనివ్వదు. అప్పుడు బాయర్, కవాటం తెరిచి నీటిని ఇంకా లోపలికి రానివ్వాలన్నాడు. లోపలి గాలి కుంచించుకొని బయటి ఒత్తిడితో సమానమైతే మూత తేలికగా తెరుచుకుంటుందన్నది ఆయన లెక్క. మునిగిపోతున్న పడవలోకి మరింత నీరు వదలమంటే తోటివారికి అది పిచ్చి మాటగానే తోచింది, వారు గట్టిగా ఎదిరించారు. గంటలు గడిచి నీరు మెడదాకా వచ్చాక మూత తెరుచుకుంది, ముగ్గురూ బుడగతో పాటు పైకి తేలి బతికారు.

జలాంతర్గామి చరిత్రలో తెరవడమే ప్రాణం కాపాడిన ఘట్టం ఇది, అందుకే ఇది నాకు ఎంతో విలువైనది. లోతున ఉన్న మూతను బలంతో కాక ఒత్తిడి సమానం చేసి తెరవాలన్న సూత్రం మీదే తరువాతి కాలపు జలాంతర్గాముల తప్పించుకునే గదులన్నీ నిలిచాయి. బాయర్ తరువాత రష్యాకు వెళ్లి మరో పెద్ద జలాంతర్గామి కట్టాడు, దానిలో నూరుకు పైగా మునకలు వేశాడు. రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ పట్టాభిషేకం నాడు క్రోన్‌స్టాట్ రేవులో వాద్యకారులను లోపల కూర్చోబెట్టి నీటి అడుగు నుంచి సంగీతం వినిపించాడు. ఆయన 1875లో మరణించాడు. కీల్ రేవులో తవ్వకాలు జరుపుతుండగా 1887లో బ్రాండ్‌టాఖర్ బయటపడింది. ఆ పడవ నేడు డ్రెస్డెన్‌లోని సైనిక చరిత్ర ప్రదర్శనశాలలో ఉంది.

ఆవిరితో నడిచే జలాంతర్గామిని తొలినాళ్లలో కట్టించినవారిలో మత బోధకుడైన ఒక ఆంగ్లేయుడు ఉన్నాడు. జార్జ్ గారెట్ 1879లో బర్కెన్‌హెడ్‌లో రిసర్గామ్ అనే పడవను కట్టించాడు. లాటిన్‌లో ఆ మాటకు నేను మళ్లీ లేస్తానని అర్థం. పైన ఉన్నప్పుడు బాయిలరులో మంట వేసి నీటిని బాగా కాచి, మునిగే ముందు మంటను మూసేసి, వేడినీటిలో నిల్వ ఉన్న ఆవిరితోనే కొంతసేపు నడవాలన్నది ఏర్పాటు. 1880 ఫిబ్రవరిలో ఎల్ఫిన్ అనే నౌక దానికి తాడు కట్టి లాగుకుపోతుండగా, ఎల్ఫిన్ యంత్రాలలో ఇబ్బంది వచ్చింది. సహాయం చేయడానికి రిసర్గామ్‌లోని ముగ్గురూ ఆ నౌకలోకి వెళ్లారు. జలాంతర్గామి మూతను లోపలి నుంచి బిగించే ఏర్పాటే తప్ప బయటి నుంచి బిగించే ఏర్పాటు లేదు. అలలు ఆ మూత గుండా లోపలికి చేరాయి, తాడు తెగింది, ఫిబ్రవరి 25న వేల్స్‌లోని రిల్ పట్టణానికి ఎదురుగా సముద్రంలో పడవ మునిగింది. అదృష్టవశాత్తు లోపల ఎవరూ లేరు. 1995లో దాని శిథిలం బయటపడింది. లోపల మనిషి ఉంటేనే మూత పడుతుందన్న ఆ ఏర్పాటును గీసినప్పుడు, మనిషి లేని పడవ కూడా సముద్రం మీద ఉండవచ్చునని ఎవరికీ తట్టలేదు.

జపాన్ ఆరవ నంబరు జలాంతర్గామి గురించి రాయడం నాకు సులభం కాదు. 1910 ఏప్రిల్ 15న, లెఫ్టినెంట్ త్సుతోము సకుమా నాయకత్వంలో 14 మందితో అది అభ్యాసానికి బయలుదేరింది. ఆనాటి పెట్రోలు యంత్రం గాలి లేకుండా నడవదు. పడవను దాదాపు పూర్తిగా ముంచి, గాలిగొట్టం ఒక్కటే నీటి పైన ఉంచి, యంత్రంతోనే నడిపే పద్ధతిని వారు సాధన చేస్తున్నారు. పడవ అనుకున్నదానికంటే లోతుకు దిగింది, గాలిగొట్టం నోటిలోకి నీరు చేరింది. దానిని మూసే కవాటం గొలుసు పట్టు తప్పింది. చేత్తో మూసేసరికి ఆలస్యమైంది. విద్యుత్ పలకలు తడిసి దీపాలు ఆరిపోయాయి, విషవాయువు పుట్టింది, పడవ అడుగుకు చేరింది.

పడవను పైకి తీసినప్పుడు పద్నాలుగు మందీ తమ తమ స్థానాల్లో, పని చేస్తున్న చోటే చనిపోయి ఉన్నారు. సకుమా జేబులో పెన్సిలుతో రాసిన చిన్న పుస్తకం దొరికింది. చక్రవర్తి పడవను పోగొట్టినందుకు, తనవారిని చంపుకున్నందుకు క్షమాపణతో అది మొదలవుతుంది. సిబ్బంది చివరిదాకా నిబ్బరంగా పని చేశారని చెబుతుంది. ఈ ప్రమాదాన్ని తప్పుగా అర్థం చేసుకొని జలాంతర్గాముల అభివృద్ధిని ఆపవద్దని కోరుతుంది. ఆ తరువాత ప్రమాదం ఎలా జరిగిందో, ఏ కవాటం ఎప్పుడు మూయవలసి వచ్చిందో, ఏ తొట్టిలో నీరు ఎంతదాకా తోడగలిగారో క్రమంగా వివరిస్తుంది. చనిపోయినవారి కుటుంబాలు ఇబ్బంది పడకుండా చూడమని వేడుకుంటుంది. చివరి మాట 12 గంటల 40 నిమిషాలన్న సమయం. ఊపిరి అందని చీకటిలో, పడవ పైభాగాన కానింగ్ టవర్ అనే చిన్న గోపురం నుంచి దిగే కాస్త వెలుతురులో, ఆయన రాసినదానిలో ఎక్కువ భాగం ఒక ప్రమాద నివేదిక. తరువాత పడవ నడిపేవారికి ఆ గొలుసు సంగతి తెలియాలన్న ఆరాటం ఆ వాక్యాల్లో ఉంది. చాలా దేశాల నౌకాదళాల వారు ఆ ఉత్తరాన్ని చదివారు. దానిని జపాన్‌లో దేశభక్తి పాఠంగా నేర్పారని తెలుసు; నాకు మాత్రం అది ఒక పనివాడు తన పనిని మరొకరికి అప్పగించిన కాగితంలా కనిపిస్తుంది.

ఇంతదాకా చెప్పినవన్నీ చిన్న పడవలు, తెలియక చేసిన ప్రయోగాలు. బ్రిటన్ కే తరగతి జలాంతర్గాములకు ఆ మినహాయింపు ఇవ్వలేము. మొదటి ప్రపంచయుద్ధంలో, యుద్ధనౌకల బారుతో పాటు అదే వేగంతో పరుగెత్తే జలాంతర్గాములు కావాలని బ్రిటిష్ నౌకాదళం కోరుకుంది. ఆనాటి డీజిల్ యంత్రాలు అంత వేగం ఇవ్వలేవు. అందువల్ల మళ్లీ ఆవిరి వైపే చూశారు. 339 అడుగుల పొడవు, 24 నాట్ల వేగం, రెండు బాయిలర్లు, మడతపడే రెండు పొగగొట్టాలు. మునిగే ముందు మంటలు ఆర్పాలి, పొగగొట్టాలు పడుకోబెట్టాలి, వాటి నోళ్లు మూయాలి, బాయిలరు గదికి గాలి తెచ్చే పెద్ద పెద్ద గాలిదారులను మూయాలి. ఇంత తతంగం ముగిసి నీటి కిందికి దిగడానికి సుమారు ఐదు నిమిషాలు పట్టేది. సురక్షితంగా దిగగలిగిన లోతు సుమారు 200 అడుగులు మాత్రమే. అంటే ముక్కు వంగి బాగా ఏటవాలుగా దిగితే, తోక ఇంకా నీటి పైన ఉండగానే ముక్కు ఆ హద్దు దాటిపోతుంది.

1917 జనవరి 29న స్కాట్లాండ్‌లోని గేర్‌లాఖ్‌లో కే13 పరీక్షకు దిగింది. లోపల సిబ్బందితో పాటు నౌకా నిర్మాణ సంస్థ పనివారు, అధికారులు కలిసి 80 మంది ఉన్నారు. బాయిలరు గది గాలిదారులు మూతపడకుండానే పడవ మునిగింది. వెనుకభాగం నీటితో నిండింది, అక్కడున్న వారిలో ఒక్కరూ మిగలలేదు. ముందుభాగంలో మిగిలినవారు చీకటిలో, చలిలో, తగ్గిపోతున్న గాలితో చిక్కుకున్నారు. పైనున్నవారికి లోపలి పరిస్థితి చెప్పడానికి, కే14 అధికారి గుడ్‌హార్ట్ ఒక ప్రణాళిక వేశాడు: తానూ, కే13 అధికారి హెర్బర్ట్ కానింగ్ టవర్‌లోకి వెళ్లి, గాలి ఒత్తిడి పెంచి, మూత తెరుస్తారు, గుడ్‌హార్ట్ పైకి పోతాడు, హెర్బర్ట్ మూత మూసుకొని తిరిగి లోపలికి వస్తాడు. బాయర్ చేసినది కూడా ఇదే. గుడ్‌హార్ట్ పైకి పోతూ ఉక్కు కప్పుకు తల తగిలి మరణించాడు. వెనక్కి వెళ్లాలనుకున్న హెర్బర్ట్‌ను గాలి పైకి ఎత్తుకుపోయింది, ఆయన బతికి బయటపడి సహాయకులకు లోపలి సంగతి చెప్పాడు. గాలి గొట్టం తగిలించి, ముక్కును నీటి పైకి ఎత్తి, ఉక్కుకు రంధ్రం చేసి, 57 గంటల తరువాత మిగిలినవారిని బయటికి తీశారు. చనిపోయినవారు 32 మంది.

పడవను పైకి తీసి, బాగుచేసి, కే22 అని పేరు మార్చి మళ్లీ సముద్రంలోకి పంపారు. 1918 జనవరి 31 రాత్రి, ఫోర్త్ నదీముఖంలో మే దీవి దగ్గర, దీపాలు ఆర్పుకొని వెళ్తున్న నౌకల బారులో కే14 చుక్కాని ఇరుక్కుపోయి దారి తప్పింది; కే22 వచ్చి దానిని ఢీకొంది. ఆ గందరగోళంలో ఒకదాని వెనుక ఒకటి గుద్దుకొని కే4, కే17 మునిగిపోయాయి, నూరుమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి ఆ నీళ్లలో ఒక్క శత్రునౌక కూడా లేదు. ఈ పడవల్లో పనిచేసినవారిని దురదృష్టవంతులని చాలామంది రాశారు. దురదృష్టమన్న మాట ఇక్కడ సరిపోదని నా అభిప్రాయం. ఉపరితల నౌక వేగాన్నీ, జలాంతర్గామి మునకనూ ఒకే గుల్లలో కోరుకున్నవారు ఆ గుల్లకు ఎన్ని రంధ్రాలు పడతాయో లెక్కపెట్టుకోవలసింది. 1880లో రిసర్గామ్ దగ్గరే ఆ లెక్క మొదలైంది.

బ్రిటన్‌దే అయిన ఎం2 జలాంతర్గామి కూడా అదే కోవకు చెందినది. మొదట యుద్ధనౌకలకు పెట్టే 12 అంగుళాల ఫిరంగిని దాని మీద అమర్చారు. తరువాత ఫిరంగి తీసేసి, రెక్కలు మడిచిన చిన్న సముద్ర విమానం పట్టే గదిని కట్టారు. పైకి తేలగానే తలుపు తెరిచి, విమానాన్ని బయటికి తీసి, ఎంత త్వరగా గాలిలోకి ఎగరేస్తే అంత గొప్ప అని సిబ్బంది సాధన చేసేవారు. 1932 జనవరి 26న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్‌కు పడమరగా అది మునిగింది, 60 మంది చనిపోయారు. గజ ఈతగాళ్లు దిగి చూసినప్పుడు విమానం గది తలుపు తెరిచి ఉంది, ఆ గది నుంచి పడవ లోపలికి దిగే మూత కూడా తెరిచి ఉంది. పడవ పూర్తిగా తేలకముందే తలుపు తీసి ఉంటారని ఎక్కువమంది భావిస్తారు. క్షణాలు మిగుల్చుకోవాలన్న తపన ఆ తలుపు దగ్గర ఎలా పనిచేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

చివరగా చెప్పే పడవ తొలినాటిది కాదు, కానీ రిసర్గామ్ పుట్టిన బర్కెన్‌హెడ్‌లోనే పుట్టి, అది మునిగిన లివర్‌పూల్ అఖాతంలోనే మునిగింది. 1939 జూన్ 1న కొత్త జలాంతర్గామి థీటిస్ పరీక్షకు వెళ్లింది. లోపల 103 మంది ఉన్నారు. టార్పెడో గొట్టానికి సముద్రం వైపు ఒక తలుపు, లోపలి వైపు ఒక తలుపు ఉంటాయి. లోపలి తలుపు తీసే ముందు, గొట్టంలో నీరు ఉందో లేదో చూడటానికి ఒక చిన్న కుళాయి ఉంటుంది; దానిని తిప్పితే నీరు కారాలి. ఐదవ గొట్టం కుళాయి తిప్పితే ఏమీ కారలేదు. గొట్టం లోపల పూసిన రంగు ఆ సన్నని రంధ్రంలో గడ్డకట్టి దానిని పూడ్చేసింది. సముద్రం వైపు తలుపు తెరిచే ఉంది. లోపలి తలుపు తీశారు. 99 మంది చనిపోయారు, నలుగురు మాత్రం, తప్పించుకునే గది గుండా బయటపడ్డారు. ఇంతకాలం తెరిచి ఉన్న రంధ్రాల గురించి చదువుతూ వచ్చిన నేను, మూసుకుపోయిన ఒక రంధ్రం వల్ల ఇంతమంది పోయారని చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

ఆ ప్రమాదం తరువాత బ్రిటిష్ జలాంతర్గాముల టార్పెడో గొట్టాల లోపలి తలుపులకు ఒక చిన్న ఇనుప కొక్కెం అమర్చారు. దానిని థీటిస్ క్లిప్ అంటారు. తలుపు గొళ్లెం తీసినా, ఆ కొక్కెం తలుపును వేలి సందుకంటే ఎక్కువ తెరుచుకోనివ్వదు. వెనుక నీరు ఉంటే సన్నగా చిమ్ముతుంది, చూసినవాడు వెంటనే తలుపును వెనక్కి నెట్టి బిగించవచ్చు.